తొట్టికి తగిలించిన వంతు పలక

రోస్విటా ఎపింగర్ ఇంట్లో వాలాలంటే దుమ్ముకు కూడా గుండె ధైర్యం కావాలి. జర్మనీలోని ఎస్లింగెన్‌లో ద్రాక్షతోటల కింద, నది వైపు దిగే వీధిలో ఉంటుంది ఆమె ఇల్లు. ఆ ఊళ్లో శుభ్రం లేని మనిషిని వేలెత్తి చూపిస్తారు. అలాంటి ఊరివాళ్లే రోస్విటాను చూసి "మరీ ఇంతా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. అది వాళ్లమ్మ నేర్పిన విద్య. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ చీపురు మాత్రం ఇంకా కూతురి చేతిలో ఆడుతూనే ఉంది.

అంత శుభ్రమైన ఇంట్లో ఊపిరి పీల్చేది రోస్విటా ఒక్కతే. కుండీల్లో మొక్కలు పెంచబోయింది. ఆకులు తుడిచి తుడిచి వాటి ఉసురు తీసింది. పిల్లినో కుక్కనో తెచ్చుకుందామని నోరు తెరిస్తే అమ్మ "బొచ్చు!" అని ఒక్క కేక పెట్టేది. వయసులో ఉన్నప్పుడు ఒకరిద్దరు మగవాళ్లు ఆదివారం కాఫీకి వచ్చారు. అమ్మ వాళ్ల ముఖాలు చూడలేదు, బూట్లు చూసింది. వాళ్లు రెండోసారి రాలేదు.

రోస్విటాకు సొంతమనేది ఏదైనా ఉందంటే అది బడిలో ఉంది. ఊళ్లో చిన్నపిల్లల బడి ఆఫీసు పనంతా ఆమెదే. బడి ముందు హాల్లో ఒక పెద్ద గాజు తొట్టి, అందులో ఏడు మీసాల చేపలు. కంచు రంగు, బొద్దు ఒళ్లు, నేల మీద మీసాలు పెట్టి గొణుక్కుంటూ వెతుక్కునే రకం. పొద్దున్నే గంట కొట్టకముందు రోస్విటా వెన్న రాసిన బ్రేట్సెల్ రొట్టె పట్టుకుని ఆ తొట్టి ముందు నిలబడి తినేది. చేపలు ఏడూ గాజు దగ్గరికి వచ్చి వరసగా సర్దుకునేవి. అన్నిటికన్నా లావుగా ఉన్నదానికి ఆమె ప్రిన్సిపాలు అని పేరు పెట్టింది. ఆ జాతి చేపలు కనుగుడ్డు కిందికి తిప్పి కన్ను కొడతాయి. నిజంగానే కొడతాయి. ప్రపంచం మొత్తంలో రోస్విటాకు కన్ను కొట్టే ప్రాణి ఆ ప్రిన్సిపాలొక్కడే.

ఆ వేసవి సెలవుల్లో బడి హాలు పగలగొట్టి కొత్తగా కడతారని జూన్ నెల పెంతెకొస్తు పండగ సెలవులకు ముందు తెలిసింది. రోస్విటా రిటైరయ్యేది కూడా వేసవి సెలవులు మొదలయ్యే రోజే.

"మరి చేపలు?" అని అడిగింది.

తొట్టి చూసుకునేది ఓట్‌మార్ ఫెట్సర్. రిటైరైన పళ్ల డాక్టరు, ఊళ్లో అక్వేరియం సంఘానికి అధ్యక్షుడు. పొడుగ్గా, వంగిన భుజాలతో, ఎప్పుడు చూసినా చొక్కా చేతులు తడిగా ఉండే మనిషి. ఆయన వచ్చి వెళ్లిన ప్రతిసారీ హాల్లో నీటి చుక్కలు పడేవి. ప్రతిసారీ రోస్విటా ఆయన చేతికి తడిగుడ్డ ఇచ్చి తుడిపించేది.

"ఉల్మ్‌లో ఒక పెంపుడు చేపల దుకాణం వాళ్లు తీసుకుంటామన్నారు. ఎవరు ఎన్ని కొనుక్కుంటే అన్ని. మా ఇంట్లో ఉన్నవన్నీ రౌడీ చేపలండీ, వీటిని బతకనివ్వవు."

"అంటే విడదీస్తారా?"

"దుకాణం కదా."

"నాకివ్వండి," అంది. ఆ మాట తానే అన్నదని ఆమెకు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

ఓట్‌మార్ ఆమెను, ఆమె చేతిలోని తడిగుడ్డను మార్చి మార్చి చూశాడు. "మీకా?"

"ఏం, నేను మనిషిని కాదా?"

"మనిషేనండీ. అదే భయం. మనిషి చేతులు ఊరుకోవు." కాసేపు చెవి గోక్కుని అన్నాడు: "సరే. ముందు తొట్టి పెట్టండి. నీళ్లు నేను పరీక్ష చేస్తాను. బడి ఆఖరి రోజుకు నీళ్లు బాగుంటే ఏడూ మీవే. లేకపోతే ఉల్మే."

పెంతెకొస్తు సెలవుల్లోనే రోస్విటా తొట్టి కొంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మొదటి పేచీ. కిటికీ దగ్గర వద్దన్నాడు ఓట్‌మార్, ఎండ తగిలితే నాచు పడుతుంది. మిగిలింది అమ్మది, నడుమెత్తు ఓక్ చెక్క అలమర. దాని మీద అమ్మ ఉండగా కప్పు కూడా పెట్టనిచ్చేది కాదు.

"నిండిన తొట్టి అంటే ఇద్దరు మనుషుల బరువు. ఆగుతుందో లేదో చూద్దాం," అంటూ బూట్లు విప్పి మేజోళ్లతో అలమర ఎక్కేశాడు ఆయన. "రండి."

"ఎక్కడికి?"

"పైకి. ఇద్దరు మనుషులన్నాను కదా."

రోస్విటా గోడ మీద అమ్మ ఫొటో వైపు చూసింది, తర్వాత కుర్చీ వేసుకుని ఎక్కింది. పైకప్పుకు తల తగలకుండా ఇద్దరూ మెడలు వంచి, ఒకరి మోచేయి ఒకరు పట్టుకుని, "ఒకటి, రెండు" అనుకుంటూ గట్టిగా రెండు గంతులు వేశారు. అలమర కిక్కురుమనలేదు. కింది ఇంట్లో ఉండే హిల్ట్రూడ్ ముసలమ్మ మాత్రం కాఫీ ఒలకబోసుకుని పైకప్పు వైపు చాలాసేపు చూసింది.

ఇసుక కడగడంలో రోస్విటాకు ఎదురు లేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగమన్నాడు. ఆమె స్నానాల తొట్టిలో పోసి, ఆ నీళ్లు తాగొచ్చు అనిపించేదాకా కడిగింది. ఇసుక చెదరకుండా మధ్యలో పింగాణీ పళ్లెం పెట్టి, దాని మీద సన్నగా నీళ్లు పోసింది. ఓట్‌మార్ మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాతే వచ్చింది తంటా. నీటి మొక్కలు తెచ్చి ఇచ్చి ఆయన కాఫీ తాగుతుంటే, వంటింట్లోంచి బీరు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే రోస్విటా ఒక్కొక్క ఆకునూ బీరులో ముంచిన గుడ్డతో తుడుస్తోంది.

"ఏం చేస్తున్నారండీ!"

"మెరవాలంటే బీరుతోనే తుడవాలి. అమ్మ చెప్పింది."

"కుండీ మొక్కలకేమో! నీళ్లలో మొక్కలకు తాగుడు అలవాటు చేస్తే ఎలాగండీ," అని ఆయన మొక్కల్ని లాక్కుని కుళాయి కింద పెట్టాడు.

తొట్టిలో వేసిన చెట్టు వేరు నీళ్లను టీ రంగుకు తిప్పింది. "మంచిదే, ఉండనివ్వండి" అన్నాడు ఆయన. ఆయన అలా గడప దాటాడో లేదో, రోస్విటా నీళ్లన్నీ తోడి పారబోసి కొత్తవి నింపింది. ఇక శనివారం వచ్చేసరికి చేతులు అసలే ఊరుకోలేదు. గాజు తుడిచింది, గులకరాళ్లు తోమింది, ఫిల్టరు విప్పి లోపలి స్పాంజిని సలసల కాగే నీళ్లలో సబ్బు వేసి ఉతికి తీగ మీద ఆరేసింది. తొట్టి అద్దంలా మెరిసింది. అందులో బతికే వీలు మాత్రం ఏ ప్రాణికీ లేదు.

ఓట్‌మార్ వచ్చి చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి చుక్కల మందు వేశాడు. నీళ్లు గులాబీ రంగు తిరిగాయి.

"అందంగా ఉంది," అంది రోస్విటా.

"విషమండీ అది. లేత పసుపు రావాలి." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చేప తింటుంది, దొడ్డికెళ్తుంది. అది నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే కంటికి కనపడని జీవులుంటాయి. అవి స్పాంజిలో కాపురం పెట్టాలి, గాజు మీద పెట్టాలి, రాళ్ల మీద పెట్టాలి. రోజూ చిటికెడు మేత వేసి వాటిని పెంచమన్నది అందుకే. స్పాంజి కడిగారా?"

తీగ మీద స్పాంజికి పెట్టిన క్లిప్పులు ఇంకా అలాగే ఉన్నాయి.

మర్నాడు ఆయన బడి తొట్టిలోంచి ఒక స్పాంజి ముక్క తెచ్చాడు. నల్లగా, జిగటగా, చెరువు అడుగు వాసనతో ఉంది. దాన్ని బంగారపు ముక్కలా రెండు చేతుల్లో పట్టుకుని ఆమెకిచ్చాడు. "పదకొండేళ్ల సంసారం ఇందులో ఉంది. ఫిల్టర్లో పెట్టి మూత వేసేయండి. అంతే."

రోస్విటా పెట్టింది, మూత కూడా వేసింది. బుధ, గురు, శుక్రవారాలు పళ్లు బిగబట్టి ఊరుకుంది. శనివారం పొద్దున్న ఆ మురికి తన ఇంట్లో, అమ్మ అలమర మీద ఉందన్న ఆలోచనకే ఒళ్లంతా దురద పుట్టింది. పన్నెండు కొట్టేసరికి ఆ పదకొండేళ్ల సంసారం వాషింగ్ మెషిన్లో తువ్వాళ్లతో కలిసి గిరగిరా తిరుగుతోంది.

సాయంత్రం గులాబీ రంగు చూసి ఓట్‌మార్ కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన చాలా మెల్లిగా మాట్లాడాడు.

"ఎపింగర్ గారూ, ఇంకో స్పాంజి తెచ్చి ఇవాళే నీళ్లు బాగు చేయగలను. చేపల్ని ఇవాళే తెచ్చి వదలగలను. కానీ మళ్లీ శనివారం వస్తుంది కదా. మీరు కడుగుతారు, మంగళవారానికల్లా ఏడూ వెల్లకిలా తేలతాయి. ముప్పై ఏళ్లు ఈ ఊరి చేత పళ్లు తోమించినవాణ్ణి, తోమొద్దని బతిమాలుకోవాల్సి వస్తోంది మిమ్మల్ని." ఆయన తడి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "సెలవులకు ఇంకా మూడు శనివారాలున్నాయి. మూడూ ముట్టుకోకుండా ఉంటే చేపలు మీవి. ఉండలేకపోతే చెప్పేయండి, తప్పేం లేదు. ఉల్మ్‌కు ఫోన్ చేస్తాను."

ఆ రాత్రికి ఇంకో నల్ల ముక్క ఫిల్టర్లో పెట్టి వెళ్లిపోయాడు.

రోస్విటా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. శుభ్రంగా ఉండటం తప్పని ఇన్నేళ్లలో ఎవరూ ఆమెతో అనలేదు. ఇవాళ దాని మూలంగా ఆ ఏడు మొహాలు ఏడు దారులైపోతాయి. రేపు రిటైరయ్యాక పొద్దున్నే బ్రేట్సెల్ పట్టుకుని ఎవరి ముందు నిలబడాలి? గోడ మీద అమ్మ ముందా? ముక్కు తుడుచుకుని లేచింది. ఎంత ఏడ్చినా శనివారపు ఆఖరి పని మిగిలే ఉంది: వంతు పలక పక్క తలుపుకు తగిలించాలి.

ఆ ఊళ్లో రెండు మూడు కాపురాలుండే ప్రతి ఇంటి మెట్లకూ వంతు ఉంటుంది. ఒక చిన్న చెక్క పలక, దానికి తాడు. ఎవరి తలుపు కొక్కేనికి పలక వేలాడితే ఆ వారం మెట్లు, కమ్మీలు, వీధి వాకిలి ఊడ్చి తుడవడం వాళ్ల పని. శనివారం సాయంత్రం తన వంతు ముగించి పక్కవాళ్ల తలుపుకు తగిలించాలి. మనసుకు నచ్చకపోయినా, మెట్ల మీద బంగాళాదుంప తొక్క కనబడినా, పలక వేరే తలుపు మీద ఉంటే చీపురు ముట్టుకోకూడదు. ఒకరి వంతులో ఇంకొకరు ఊడవడం అంటే "నీకు చేతకాదు" అని మొహం మీద అనడమే. రోస్విటా పుట్టి బుద్ధెరిగాక ఆ పని ఒక్కసారి కూడా చేయలేదు. పక్క వాటా నెజ్లా మెట్ల మూలలు వదిలేసినప్పుడు గోళ్లు అరచేతిలో గుచ్చుకుందే గానీ చీపురు పట్టలేదు.

పలకను కొక్కెం మీంచి తీసింది. నెజ్లా తలుపు వైపు ఒక అడుగు వేసింది. ఆగింది.

అలాగే వెనక్కి తిరిగి, పలకతో సహా లోపలికి వచ్చి, తలుపు వేసుకుంది. తొట్టి మూత పిడికి తాడు చుట్టి పలక తగిలించింది. పలక గాజు ముందు అటూ ఇటూ ఊగి నిలబడింది. రోస్విటా రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"మీ వంతు," అంది, కంటికి కనపడని ఆ కాపురస్థులతో. "నాకు సంబంధం లేదు."

దొంగతనం చేసిన దానిలా గుండె కొట్టుకుంది. ఆ వెంటనే, ఏళ్ల తర్వాత, ఒంటరిగా ఉన్న గదిలో పగలబడి నవ్వింది.

అది పనిచేసింది! గాజు మీద గోధుమ రంగు పొర కట్టింది. గుడ్డ తీసుకుని వచ్చేది, పలక కనబడేది, చెయ్యి దానంతటదే కిందికి దిగేది. వేరు మీద తెల్లగా చీమిడిలా ఏదో పట్టింది. రోస్విటా మొహం తిప్పుకుని కర్టెన్లు ఉతికింది. మొక్కలతో వచ్చిన ఒక నత్త ఆ తెల్లదాన్ని పద్ధతిగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు తినుకుంటూ పోయింది. "శభాష్, నీకు వంతు పద్ధతి తెలుసు," అని దానికి చెప్పింది. తొట్టి మీద తీరని కసి అంతా ఇంటి మీద తీర్చుకుంది. దీపాలు తోమింది, తలుపు గొళ్లేలు తోమింది, అమ్మ ఫొటో చట్రం రంగు పోయేదాకా తోమింది.

ఒక్క మెట్లు తప్ప. పలక తొట్టి మీద ఉంది మరి. మెట్ల వంతు ఎవరిదో చెప్పే పలకే లేకుండా మెట్లు ఊడవడం అనే మాట ఆ ఇంట్లో ఎవరి ఊహకూ అందదు. నెజ్లా ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి తన తలుపు చూసుకుంది, పలక లేదు. దేవుడు చల్లగా చూశాడనుకుని పడుకుంది. అందరి లెక్కలో వంతు ఇంకా రోస్విటాదే.

జూలై గాలికి వీధిలోని లిండెన్ చెట్ల పూలు గడప లోపలికి కొట్టుకొచ్చాయి. మెట్ల మీద పడి, తొక్కుడుకు నలిగి, బంకలా అంటుకున్నాయి. రెండో శనివారం కూడా గడిచింది. కిందింటి హిల్ట్రూడ్‌కు ఎనభై దాటాయి. ఆ ఇంట్లో ఆవిడ చూడని ఘోరం లేదనుకునేది. ఎపింగర్ వంతులో మురికి మెట్లు చూస్తానని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆదివారం ఆవిడ వెళ్లి నెజ్లా తలుపు తట్టింది. "ఏమ్మా, రోస్విటాకు ఏదో అయింది."

"రెండు వారాల కిందట నవ్వడం వినిపించింది బామ్మగారూ. ఒక్కతే."

"చూశావా! ఎపింగర్ల ఆడది ఊడవడం మానేసిందంటే రెండే కారణాలు. జబ్బయినా అయి ఉండాలి, ప్రేమయినా అయి ఉండాలి. ఆ పళ్ల డాక్టరు వస్తూ పోతున్నాడు. ఆ మధ్య పట్టపగలు పైన ఇద్దరూ గంతులేశారు, నా కాఫీ ఒలికిపోయింది."

"అయితే ప్రేమే."

"ఎందుకైనా మంచిది, సూపు పట్టుకెళ్దాం. రెంటికీ పనికొస్తుంది."

అలా హిల్ట్రూడ్ సూపు గిన్నె, నెజ్లా ఒక పళ్లెం నిండా జున్ను పెట్టిన బోరెక్ అనే పొరల రొట్టెలు పట్టుకుని రోస్విటా గుమ్మంలో నిలబడ్డారు. ఆ గుమ్మం లోపలికి వాళ్లిద్దరూ అంతవరకు ఎప్పుడూ వెళ్లలేదు. ఏ మాటయినా గడప మీదే అయిపోయేది. రోస్విటా తలుపు తీసి, వాళ్ల చెప్పుల వైపు చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, పక్కకు జరిగింది.

"ఏమే, బాగానే ఉన్నావా?" హిల్ట్రూడ్ ఆమె నుదురు తాకి చూసింది. "జ్వరం లేదు. నెజ్లా, రెండోదే!"

"ఏం రెండోది?"

అప్పటికి ముసలమ్మ కళ్లు తొట్టి మీద పడ్డాయి. పాచి పట్టిన గాజు, బూజు పట్టిన వేరు, వీటన్నిటి ముందు గొప్పగా వేలాడుతున్న ఇంటి వంతు పలక.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆ పలక మా అత్తగారి కాలం నాటిది! మెట్ల మీద కాళ్లు అతుక్కుపోయి చస్తుంటే, నువ్వు దాన్ని నీళ్ల డబ్బాకు కడతావా?"

రోస్విటా ఉన్నదంతా చెప్పేసింది. చేపల గురించి, ఉల్మ్ గురించి, వాషింగ్ మెషిన్ గురించి. "పలక లేకపోతే నా చేతులు ఆగవు హిల్ట్రూడ్ గారూ. వచ్చే శనివారం ఒక్కటి గడిస్తే చాలు. ఆ చేపలు పోతే నేను... నాకు ఇంకెవరూ లేరు."

నెజ్లా నవ్వు ఆపుకోలేక బూరెకు పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "అక్కా, మూలలు తుడవలేదని ఎన్నిసార్లు నా వైపు అలా చూశావు! ఇప్పుడు నీ ఇంట్లో మూలమూలా పాచే!" అని రోస్విటాను గట్టిగా కావలించుకుంది.

హిల్ట్రూడ్ వినడం లేదు. కుర్చీ తొట్టి ముందుకు లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, గాజుకు ముక్కు ఆనించేసింది. "ఆ నత్త చూడండి. మా ఆయన ఇలాగే తినేవాడు, నెమ్మదిగా, మధ్యలో ఆపకుండా," అంది. అరగంట తర్వాత సూపు కూడా అక్కడికే తెప్పించుకుంది. బోరెక్ పొరలు రాలి తివాచీ మీద పడ్డాయి. రోస్విటా చూసింది, ఇంకో ముక్క తీసుకుంది.

"మరి మెట్లు?" వెళ్లేముందు నెజ్లా అడిగింది. "పలక లేకుండా ఊడిస్తే చెయ్యి ఊడిపడుతుందా?"

"అది పద్ధతి కాదు," అంది హిల్ట్రూడ్. కేకు పెట్టె అట్ట మూత చింపించి, దాని మీద రోస్విటా చేత గుండ్రటి అక్షరాలతో 'వంతు' అని రాయించి, ఉన్ని దారం కట్టి, నెజ్లా తలుపుకు తనే స్వయంగా తగిలించింది. "ఇది చేపలు వచ్చేదాకా చెల్లుతుంది."

"బామ్మగారూ, నేను బోరెక్ పట్టుకొచ్చి పెట్టినందుకా ఇది?" అని నెజ్లా మొత్తుకుంది.

మూడో శనివారం అన్నిటికన్నా కష్టమైంది. పొద్దున్న నుంచీ హిల్ట్రూడ్ కాపలాకు వచ్చి కూర్చుంది. రోస్విటా తొట్టి వైపు నడిచినప్పుడల్లా "ఊఁ" అనేది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి గుట్టలు గుట్టలుగా బంగాళాదుంపలు ఒలిచి, ఇల్లంతటికీ సలాడ్ చేసి పంచారు.

బడి ఆఖరి రోజు పిల్లలు రోస్విటాకు పూలిచ్చారు, పాట పాడారు, ఆమె ఒక్క ముక్క వినలేదు. మధ్యాహ్నం ఓట్‌మార్ ఆమె ఇంటికి వచ్చాడు. తొట్టి వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గోధుమ రంగు గాజు, విరగబెరిగిన మొక్కలు, పలక.

"ఇదేంటండీ?"

"వంతు వాళ్లది," అంది రోస్విటా. "పరీక్ష చేయండి."

ఆయన నీళ్లు పట్టి చుక్కలు వేసి, గొట్టం ఊపి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఇరుగుపొరుగు ఇద్దరూ వచ్చి చూస్తున్నారు. హిల్ట్రూడ్ దండం పెట్టుకుంటోంది. నెజ్లా డ్యూటీ బట్టల్లోనే వచ్చి గోడకు ఆనుకుంది. గొట్టంలో నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి. ఆయన ఇంకాసేపు ఎత్తి పట్టుకున్నాడు. అప్పటికీ పసుపే.

"ఎపింగర్ గారూ," ఓట్‌మార్ గొట్టం దించాడు, "మా సంఘంలో పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్ల నీళ్లు కూడా ఇంత బాగుండవు."

రోస్విటా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

సాయంత్రం ఏడు చేపలూ మూత పెట్టిన బకెట్‌లో మెట్లెక్కాయి. ఓట్‌మార్ మోస్తున్నాడు, మూత సందులోంచి మెట్టుకో చుక్క, నెజ్లా అప్పుడే తుడిచిన మెట్ల మీద.

"రోస్విటా, నీళ్లు!" వెనకనుంచి హిల్ట్రూడ్ కేక.

"చూశాన్లెండి," అంటూ రోస్విటా చుక్కల మీంచి దాటుకుంటూ పైకి నడిచింది.

బడి నీళ్లలో తొట్టి నీళ్లు గ్లాసు గ్లాసుగా కలిపి, చాలాసేపు ఆగి, ఒక్కొక్కదాన్నే వలతో తీసి వదిలారు. చేపలు అడుగుకు దిగి కదలకుండా పడుకున్నాయి. రంగు పాలిపోయింది. ప్రిన్సిపాలు వేరు కిందికి దూరి తోక మాత్రం బయటపెట్టాడు. అందరూ వెళ్లిపోయారు. "కొత్త ఇల్లు కదా, పొద్దుటికి తేరుకుంటాయి," అని ఓట్‌మార్ వెళ్తూ వెళ్తూ చెప్పాడు. రోస్విటా సరేనంది కానీ నమ్మలేదు. తన ఇంట్లో ఇంతవరకు ఏదీ బతకలేదు.

పొద్దున్నే లేచింది. వెళ్లడానికి బడి లేదు. కాళ్లు మాత్రం అలవాటు కొద్దీ బేకరీకి వెళ్లి వచ్చాయి. బ్రేట్సెల్ కోసి వెన్న రాసుకుని, తొట్టి వైపు చూడటానికి ధైర్యం చాలక, తల వంచుకునే వచ్చి దాని ముందు నిలబడింది. ఒక ముక్క కొరికి తలెత్తింది.

ఏడూ గాజు దగ్గర వరసగా సర్దుకుని ఉన్నాయి. రంగు తిరిగి వచ్చింది. మధ్యలో ప్రిన్సిపాలు.

"వచ్చారా!" అంది రోస్విటా. నోట్లో బ్రేట్సెల్ ఉండగానే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ప్రిన్సిపాలు కనుగుడ్డు తిప్పి కన్ను కొట్టాడు.

కాసేపటికి ఓట్‌మార్ వచ్చాడు, ఆయనకూ నిద్ర పట్టలేదట. రోస్విటా ఆయన బూట్ల వైపు చూడలేదు. మిగిలిన సగం బ్రేట్సెల్ ఆయన చేతిలో పెట్టింది.

"ఒకే అలమర మీద గంతులేసినవాళ్లం," అంది తొట్టి వైపే చూస్తూ. "ఇంకా ఈ 'మీరు' ఎందుకు? నా పేరు రోస్విటా."

ఆయన తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని చాచాడు. "ఓట్‌మార్. మరి నీ శనివారం సంగతేంటి రోస్విటా? ఇవాళే కదా."

అవును, ఇవాళే. అట్ట పలక చెల్లుబాటు అయిపోయింది, అసలు పలక కోసం ఇల్లు ఎదురుచూస్తోంది. రోస్విటా తొట్టి దగ్గరికి వెళ్లి తాడు విప్పింది. పలక పట్టుకుని బయటికి వెళ్లి నెజ్లా తలుపుకు తగిలించింది. లోపల్నుంచి "అక్కా, అన్యాయం!" అని వినబడింది. తిరిగి వచ్చి తొట్టి ముందు కూర్చుంది. దాని మీద ఇప్పుడు ఏమీ లేదు.

ఏడు చేపలూ పనిలో పడ్డాయి. మీసాలు ఇసుకలో గుచ్చి, ఒక మూల నుంచి ఇంకో మూలకు, మూలలు కూడా వదలకుండా తవ్వుకుంటూ పోతున్నాయి. వాటి వెనకాల మట్టి పొగలా లేచి, మొక్కల మీద, రాళ్ల మీద, అన్నిటి మీదా మెల్లిగా దిగుతోంది. రోస్విటా చేతులు ఒళ్లో కదిలాయి. ఓట్‌మార్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఆమె చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఊరుకున్నాయి.

"కానివ్వండి," అంది చేపలతో. "తొందరేం లేదు."